ఈషాపూరు తుపాకి

సైన్యములు క్రొత్త ఆయుధములు దాల్చినపుడెల్ల పాతవి మిగిలిపోవును. మిగిలినవానిని ఏమి చేయవలెను? కరగించుటయా, కొట్లలో దాచుటయా, పరరాజ్యములకు అమ్ముటయా, లేక తన ప్రజలకే అమ్ముటయా? చూచుటకు ఇది కొట్టు గుమాస్తాలు తేల్చుకొనవలసిన చిన్న లెక్కవలె నుండును. కాని ఒక్కొక ప్రభుత్వము దీనికి చెప్పిన యుత్తరమును బట్టి, ఆ ప్రభుత్వమునకు తన ప్రజలయందు ఎంత నమ్మిక కలదో తెలిసికొనవచ్చును. ఈ సంగతి మాకు గ్రంథములవలన గాక ఒక పాత తుపాకివలన బోధపడినది. ఆ తుపాకి చరిత్రను పాఠకులకు నివేదింపగోరి ఈ వ్యాసము వ్రాయుచున్నాము.

2019వ సంవత్సరమున మేము అమెరికా సంయుక్తరాష్ట్రములలో టెక్సాసు రాష్ట్రమునందున్న మా మేనల్లుని యింట రెండు నెలలు గడపితిమి. అతడు ఉద్యోగమునకై ఆ దేశము పోయి, అక్కడి పౌరసత్వము పొందినవాడు. సాధుస్వభావుడు. చరిత్రగ్రంథములన్న మిక్కిలి ప్రీతి. ఒకనాటి సాయంకాలము అతడు మాతో, "మామయ్యా! శనివారము నాతో అంగడికి రావలెను. మనదేశములో చేసిన తుపాకి యొకటి అమ్మకమునకు వచ్చినదట. కొనవలెనని యున్నది" అనెను. అతని భార్య వంటయింటినుండి ఆ మాట విని ఏమియు అనలేదు. ఏమియు అనకపోవుట అంగీకారము కాదని మాకు అప్పుడే తోచినది.

ఆ అంగడిలో ఒక గోడపొడుగున పాత సైనికుల తుపాకులు వరుసగా నిలిపియుండెను. అన్నియు ఒక్క జాతివే. తలుపు గడియవలె పైకెత్తి, వెనుకకు లాగి, మరల ముందునకు త్రోసి, క్రిందికి దింపి బిగించు ఉక్కుగడియ గలవి. గడియ వెనుకకు వచ్చినపుడు కాలిన తూటా గొట్టము బయటపడును; ముందునకు పోవునపుడు క్రిందిపెట్టెనుండి క్రొత్త తూటా గొట్టములోనికి పోవును; దింపినపుడు ద్వారము మూతపడును. 19వ శతాబ్ది కడపటి పాతికయేండ్లనుండి రెండవ మహాయుద్ధము ముగియువఱకు లోకములోని పదాతిసైనికులలో పెక్కుమంది మోసినది ఈ గడియ తుపాకినే. ప్రష్యావారు 1841లో అవలంబించిన డ్రైసె సూదితుపాకి దీనికి మూలము. ఫ్రెంచివాడగు పాల్ వియేల్ 1884లో పొగలేని మందును కనిపెట్టిన పిమ్మట, 1886లో ఫ్రాన్సు, 1888లో ఇంగ్లండు, 1891లో రష్యా, 1898లో జర్మనీ ఒకరినిజూచి యొకరు క్రొత్త గడియ తుపాకులను తెచ్చికొనిరి.

ఆ గోడపై రష్యావారి మోసిన్ తుపాకి యుండెను. జర్మనుల మౌజరు యుండెను. జపానువారి అరిసాకా యుండెను. ఈ కడపటిదానిని మా మేనల్లుడు చేతికెత్తి గొట్టపు మొదట ఒక చోటు చూపెను. అచ్చట పదునాఱు రేకుల చామంతిపువ్వు, అనగా చక్రవర్తి చిహ్నము, చెక్కబడియుండవలెను. ఆకురాయితో రాచివేసిన గుర్తుమాత్రమే కనబడెను. 1945లో జపాను లొంగిపోయినపుడు, అప్పగించు ఆయుధములపై తమ ప్రభువు చిహ్నముండరాదని అనేక తుపాకుల మీద ఆ పువ్వును అరగదీసిరి. యుద్ధరంగమున పట్టుబడినవానిమీద మాత్రము పువ్వు చెక్కుచెదరక యుండును. ఓటమి యెట్లు జరిగినదో ఆ ఉక్కుముక్క చెప్పుచున్నది గదా!

మేము చూడబోయిన తుపాకి ఆ వరుస చివర నుండెను. దాని మెడపై నున్న ఉక్కుపట్టీమీద కిరీటమును, దాని క్రింద జి. ఆర్. ఐ. అను మూడక్షరములును, ఈషాపూరు అను పేరును, 1943 అను సంవత్సరమును ముద్రింపబడి యుండెను. ఆ మూడక్షరములకు జార్జి, రాజు, చక్రవర్తి అని యర్థము. ఈషాపూరన్నది మన శ్రీకాకుళము సీమలోని ఇచ్ఛాపురము కాదు. కలకత్తాకు ఉత్తరమున హుగ్లీనది యొడ్డున నున్న యూరు. 18వ శతాబ్ది చివరనుండి అచ్చట కుంపినీవారి తుపాకిమందు కర్మాగారముండెను. 1904లో అదే చోట తుపాకుల కర్మాగారము స్థాపింపబడినది. మన తెలుగువారు 'త్రీనాట్‌త్రీ' అని పిలుచు తుపాకి, ఠాణాముందు కావలివాని భుజమున మన తాతలు, తండ్రులు, మేమును చూచిన తుపాకి, అచ్చట తయారైనదే.

మేము కళాశాలలో చదువునాళ్లలో ఎన్. సి. సి. కవాతునందు ఈ తుపాకినే భుజమున మోసితిమి. దాని బరువు నాలుగు కిలోలకు కొంచెము తక్కువ. ఎండలో గంటసేపు నిలిచినవానికి నలుబది కిలోలు. ఆ కవాతు తుపాకులకు కాల్చు సూది తీసివేయబడి యుండెను. అవి చూచుటకు తుపాకులే గాని పేలవు. అందుచేత, పేలగల త్రీనాట్‌త్రీని చేయిచాచినంత దూరమున చూచుట మాకు అదే మొదలు. వెల 400 డాలర్లకు లోబడి యుండెను.

పాత సైనికుని తుపాకి కొనువాడు నాలుగు విషయములు పరీక్షింపవలెనని వర్తకుడు ఓపికతో చెప్పెను. మొదటిది, గొట్టము లోపలి మెలికగాడులు. గడియ ఊడదీసి దీపము వెలుతురున చూచిన గాడులు స్పష్టముగా, తుప్పుగుంటలు లేక కనబడవలెను. పాతకాలపు తూటాల అడుగున నిప్పురవ్వ పుట్టించు మసాలాలో ఒకవిధమైన లవణము మిగులును. అది గాలిలోని తేమను పీల్చి గొట్టమును తినివేయును. కాల్చినదినమే వేడినీటితో కడిగి నూనె పట్టించిన సైనికుని తుపాకి నిలిచినది, బద్ధకించినవానిది చెడినది. రెండవది, గడియమీది అంకెయు తుపాకిమీది అంకెయు ఒక్కటిగా నుండవలెను. మూడవది, కొయ్యకు పగుళ్లుండరాదు. ఈషాపూరువారు కొయ్య బలమునకై ముందుభాగమున ఒక మరను అడ్డముగా బిగించుచుండిరి. అది యుండుట దోషము కాదు, ఆనవాలు. నాలుగవది ప్రాణముతో కూడినది. మూసిన గడియకును తూటా అడుగునకును నడుమ నుండు సందు నిర్ణీతమైన కొలతను మించరాదు. మించినచో తూటా గొట్టము చీలి వేడిగాలి కాల్చువాని ముఖమువైపు రావచ్చును. దీనిని కంటితో చూచి చెప్పరాదు. ఉక్కుకొలతలు పెట్టి పరీక్షింపవలెను. వర్తకుడు మా యెదుటనే పరీక్షించెను.

పిమ్మట మా మేనల్లుడు ఒక ప్రభుత్వ పత్రము పూర్తిచేసెను. నేరస్థుడవా, న్యాయస్థానమునుండి పాఱిపోయినవాడవా, ఈ తుపాకి నీకొఱకే కొనుచున్నావా అను ప్రశ్నలు అందుండెను. వర్తకుడు ప్రభుత్వపు కార్యాలయమునకు టెలిఫోను చేసి అతని పేరు విచారించెను. 1993లో చేసిన చట్టమును బట్టి 1998నుండి ఈ విచారణ అమలులోనికి వచ్చినది. పావుగంటలో అనుమతి లభించెను. ఆ పావుగంటయు మేము ఆ తుపాకిని ముట్టలేదు. సందర్శకుని అనుమతిపై ఆ దేశము పోయినవారు సామాన్యముగా ఆయుధము చేతబట్టుట అచ్చటి చట్టమునకు విరుద్ధము. మనదేశపు కార్మికులు చేసిన తుపాకిని మనదేశపు పౌరులమగు మేము అచ్చటను ముట్టరాదు, ఇచ్చటను కొనరాదు. ఇది మాకు కొంత విచిత్రముగా తోచినది.

అమెరికాలో ఇట్టి బేరము ఎట్లు వాడుకకు వచ్చినదో చెప్పవలెను. గుఱి తెలిసిన పౌరుడు యుద్ధకాలమున మంచి సైనికుడగునని అచ్చటి సేనానాయకులు నమ్మిరి. 1903లో ప్రజలకు తుపాకి అభ్యాసము నేర్పుటకై ఒక జాతీయమండలి ఏర్పడెను. సైన్యమునకు అక్కర తీరిన తుపాకులను అభ్యాససంఘములకు అమ్మవచ్చునని 1905లో శాసనము చేసిరి. వర్తకులు ఇంకను ముందే ఆ దారి త్రొక్కిరి. ఫ్రాన్సిస్ బానర్మన్ అను న్యూయార్కు వర్తకుడు 1898లో జరిగిన స్పెయిను యుద్ధపు సామగ్రిని రాసులుగా కొని, నగరములో దాచుటకు వీలుగాక, హడ్సను నదిలోని యొక లంకను 1900లో కొని కోటవంటి కొట్టు కట్టెను. 1920లో అందలి మందుగుండ్లు ప్రేలి ఆ కోటలో కొంత నేలగూలెను. మొదటి మహాయుద్ధమున రష్యాచక్రవర్తి అమెరికా కర్మాగారములకు తుపాకులు చేయ నిచ్చెను. 1917లో విప్లవము రాగా సరకు ఇచ్చటనే నిలిచిపోయెను. అమెరికా ప్రభుత్వము వానిని కొని, కొన్ని తన సైనికుల అభ్యాసమునకు వాడి, మిగిలినవి పౌరులకు అమ్మెను.

రెండవ యుద్ధానంతరము ఈ వ్యాపారము వెల్లువయైనది. ఐరోపా రాజ్యములు కొట్లు ఖాళీచేసికొనుచుండ, 1953లో శామ్యూల్ కమింగ్సు అనునాతడు సంస్థ స్థాపించి, వర్జీనియాలో పొటోమాకు నదీతీరమున కొట్లు కట్టి, ఓడలకొలది తుపాకులు దింపెను. పత్రికలలో ప్రకటన చూచి, చీటి పూరించి, డబ్బు పంపిన చాలును. తపాలా మూలమున తుపాకి యింటికి వచ్చుచుండెను. 1963 మార్చిలో ఒకడు మాఱుపేరుతో ఇట్టి చీటి పంపి, ఇటలీసైన్యము వదలిన కార్కానో తుపాకిని దూరదర్శినితో సహా 19 డాలర్ల 95 సెంట్లకు తెప్పించుకొనెను. తపాలా ఖర్చు ఒకటిన్నర డాలరు. ఆ తుపాకి 1940లో టెర్నీ పట్టణమున తయారైనది. 1963 నవంబరు 22వ తేదీన డల్లాసు నగరమున అధ్యక్షుడు కెనెడీ ఆ తుపాకికి బలియయ్యెనని విచారణసంఘము నిర్ణయించినది. 1968లో మార్టిన్ లూథర్ కింగు, రాబర్టు కెనెడీ హతులైన పిమ్మట, అదే సంవత్సరము క్రొత్త చట్టము చేసి తపాలా అమ్మకమును, పరదేశపు సైనికతుపాకుల దిగుమతిని నిషేధించిరి. 1980ల నడుమ ఆ నిషేధము కొంత సడలి, ఏబదియేండ్లు దాటిన పురాతన తుపాకులకు ద్వారము తెఱచుకొన్నది. మన ఈషాపూరు తుపాకులును ఆ ద్వారమున లోనికి పోయినవే. గొట్టముపై దిగుమతి వర్తకుని పేరు చిన్న అక్షరములతో చెక్కియుండుటయే అందులకు సాక్ష్యము.

ఇక మనదేశపు సంగతి. 1857లో తిరుగుబాటుకు తక్షణకారణమైనది ఎన్‌ఫీల్డు తుపాకి తూటాకు పూసిన క్రొవ్వని అందఱెఱుగుదురు. తరువాత జరిగినది కొలదిమందికి మాత్రమే తెలియును. ఆంగ్లసైనికునికి గాడులు గల గొట్టపు తుపాకి యుంచి, భారతసైనికునికి అదే రూపమున గాడులు లేని నున్నని గొట్టముగల తుపాకి చేసి యిచ్చిరి. గాడులున్న గొట్టమునుండి వెడలిన గుండు తిరుగుచు తిన్నగా దూరమునకు పోవును. నున్నని గొట్టపు గుండు కొంతదూరము పోయి దారితప్పును. పైకి రెండును ఒక్కటియే! ఫిరంగులలో చాలవఱకు ఆంగ్లేయుల చేతిలోనే నిలుపుకొనిరి. ఆపై చాలకాలము భారతసైనికునికి ఆంగ్లసైనికుడు విడిచిన తుపాకియే దక్కుచువచ్చెను. ఆంగ్లేయునికి తూటాలపెట్టె గల గడియ తుపాకి వచ్చినపుడు మనవానికి ఒక్కొక్క తూటా పెట్టి కాల్చు మార్టినీ మిగిలెను. సైన్యములో కొలువున్నవానికే ఇట్టి గతియైన, సామాన్యగృహస్థుని మాట చెప్పనేల?

1878లో లిట్టను ప్రభువు ఆయుధముల చట్టము చేసెను. అనుమతిలేక భారతీయుడు ఆయుధముంచుకొనరాదు; ఐరోపావారికి మాత్రము ఆ నిర్బంధము లేదు. ఈ జాతిభేదము 1920 ప్రాంతమున నిబంధనలు మార్చువఱకు నిలిచినది. కొడగుప్రజలకు మాత్రము ప్రత్యేకమైన మినహాయింపు కలిగి, అది నేటికిని సాగుచున్నది. ప్రభుత్వము ఎందఱిని నమ్మినదో, ఎవ్వరిని నమ్మలేదో ఇంతకంటె స్పష్టముగా చెప్పు పత్రము వేఱొకటి అక్కరలేదు. 1887లో మద్రాసున జరిగిన కాంగ్రెసు మహాసభలో యువకుడగు బిపిన్ చంద్రపాలు ఈ చట్టమును రద్దుచేయవలెనని వాదించెను. 1931లో కరాచీ కాంగ్రెసు ప్రాథమికహక్కుల తీర్మానములో, నియమములకు లోబడి ఆయుధము ధరించు హక్కును చేర్చిరి. అహింసను ఉపాసించిన గాంధీమహాత్ముడు సైతము ఒక జాతినంతటిని నిరాయుధను చేసిన చట్టమును తీవ్రముగా గర్హించెను. ఆయుధమున్నవాడు దానిని విడుచుట అహింస. లేనివాడు ఊరకుండుట వేఱు. ఈ భేదమును మన పెద్దలు బాగుగా ఎఱిగియుండిరి.

అయినను అవసరము వచ్చినపుడు అదే ప్రభుత్వము మనవారి భుజములను వెదకికొనెను. 1914లో భారతసేనలు మార్సెయిల్సు రేవున దిగినపుడు వారికి క్రొత్త త్రీనాట్‌త్రీలను, క్రొత్త తూటాలను ఇచ్చిరి. స్వగ్రామమున నాటుతుపాకి యుంచుకొనుటకు అనుమతి కావలసిన రైతుబిడ్డకు, ఫ్రాన్సు బురదలో ఆ కాలపు మేలైన ఆయుధము దొరికినది! రెండవ యుద్ధమున సుమారు 25 లక్షల భారతీయులు సైన్యమున చేరిరి. మేము చూచిన తుపాకి ఆ యుద్ధకాలపు బిడ్డ. 1943లో వంగదేశమున లక్షలకొలది ప్రజలు కఱవుచే మరణించుచుండిరి. ఆ సంవత్సరమే, ఆ సీమనందే, కర్మాగారపు కొలిమి ఆఱక ఈ తుపాకి తయారైనది. పట్టీమీది ఆ నాలుగంకెలను చదివినపుడు మాకు కిరీటము కనబడలేదు, కఱవే కనబడినది.

మఱియొక సంగతి. పోలీసులకును కావలివారికిని ఇచ్చుటకై ఈషాపూరువారు త్రీనాట్‌త్రీ రూపముననే, గాడులు లేని లావుపాటి గొట్టముతో, ఒక్కొక తూటా మాత్రమే పట్టు తుపాకిని చేసిరి. దాని కొలత .410. ఎవ్వరైనను ఠాణామీద పడి దానిని దోచుకొన్నను సైనికుల తూటాలు దానిలో పనికిరావు. ఇది ఊరక పుట్టిన భయము కాదు. 1922 ఆగష్టులో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలను వరుసగా మూడు దినములలో ముట్టడించి తుపాకులను, తూటాలను కొనిపోయినది మన మన్యముననే గదా. తరువాతి కాలమున తెలంగాణపు రైతులు వడిసెలలతోను, నాటుతుపాకులతోను మొదలిడి, ఎదిరిపక్షమునుండి గుంజుకొన్న త్రీనాట్‌త్రీలతో పోరాడిరి. కొనుటకు దారిలేనిచోట తుపాకి చేతికి వచ్చు దారి అదియొకటే.

కొన్న మఱుసటి ఆదివారము మేము మా మేనల్లునితో గూడ ఊరిబయటనున్న అభ్యాసస్థలమునకు పోయితిమి. నూఱుగజముల దూరమున మట్టికట్టయెదుట కాగితపు గుఱి నిలిపిరి. చెవులకు మూతలు, కన్నులకు అద్దములు పెట్టికొనిన పిమ్మటగాని ఎవ్వరిని లోనికి రానీయరు. తుపాకి గొట్టము ఎల్లప్పుడును గుఱివైపే యుండవలెను. ఆజ్ఞ అగువఱకు గడియ వెనుకకు లాగియుండవలెను. కాల్పవలెనని నిశ్చయించు క్షణమువఱకు వ్రేలు మీటపై నుండరాదు. ఈ నియమములను తప్పినవానిని మాఱుమాట లేక బయటకు పంపుదురని అధికారి చెప్పెను.

మా మేనల్లుడు ఒక్కొకటిగా అయిదు తూటాలు పెట్టెలో నింపి గడియ త్రోసెను. అది సగము పోయి బిగిసిపోయెను. ప్రక్కబల్లయొద్ద నున్న వృద్ధుడొకడు, పూర్వసైనికుడు, లేచివచ్చి తూటాలన్నియు తీయించెను. ఈ తూటా అడుగున అంచు పొడుచుకొని యుండును. పైతూటా అంచు క్రిందితూటా అంచునకు ముందుండునట్లు పేర్చవలెను. వెనుకబడినచో ఒకదానినొకటి పట్టుకొని గడియను కదలనీయవు. ఆ వృద్ధుడు పేర్చి చూపి, నవ్వి, తన చోటికి పోయెను. నియమమెంత చిన్నదో, తప్పిన ఫలమెంత పెద్దదో! యుద్ధరంగమున ఈ తప్పుచేసిన బాలుడు మఱి నేర్చుకొనుటకు మిగులడు.

మొదటి దెబ్బకు మేము ఉలికిపడితిమి. చెవిమూతలున్నను ఆ శబ్దము ఱొమ్మున తాకినది. గుండు కాగితపు నడుమ తగులక పైయంచున తగిలెను. ఈ తుపాకి గుఱిపట్టీమీది కనిష్ఠపు అంకె 200 గజములు, గరిష్ఠము 2,000. నూఱుగజముల దూరమునకు అది తయారు కాలేదు. కొంచెము క్రిందికి చూచి కాల్చవలెను. అతడు అట్లే చేసి ఇరువది తూటాలు కాల్చెను. ఒక్కొక తూటా డాలరుకు మించిన వెల. కడపటి అయిదును అరచేయంత స్థలములో పడెను. అతని ముఖమున సంతోషము. భుజమున మఱునాటికి నీలిమచ్చ.

మాకు మాత్రము లెక్క యొకటి మనసున మెదలెను. 1919 ఏప్రిల్ 13న జలియన్‌వాలాబాగులో ఏబదిమంది సైనికులు కాల్చినది ఈ జాతి తుపాకులతోనే. ఆజ్ఞ యిచ్చిన డయ్యరు చెప్పిన లెక్కయే 1,650 తూటాలు. అనగా మనిషికి ముప్పదిమూడు. ప్రభుత్వము ఒప్పుకొన్న మృతులే 379. ఇరువది తూటాలకే మా మేనల్లుని భుజము వాచినది; తుపాకి గొట్టము చేయి పెట్టరానంత వేడెక్కినది. ముప్పదిమూడవ తూటావఱకు ఆ సైనికుల భుజములు నొవ్వలేదా? ఆ సైనికులలో ఆంగ్లేయులు లేరు. గూర్ఖాలు, తక్కిన భారతసేనలవారు. తుపాకి చేయునది మన కార్మికుడు, కాల్చునది మన సీమలవాడు, పడునది మనవాడు. ఆజ్ఞ మాత్రమే పరునిది. పరపాలన యనగా నేమో ఇంతకంటె క్లుప్తముగా చెప్పుట సాధ్యము కాదు.

ఇంటికి వచ్చిన పిమ్మట అసలు విచారణ ప్రారంభమైనది. మా మేనల్లుని భార్య అప్పటివఱకు దాచుకొన్న మాట చెప్పెను. "మామయ్యగారూ, మీరు పెద్దవారు, మీరే చెప్పుడు. ఇంటిలో ఆఱేండ్ల పిల్లవాడున్నాడు. తండ్రి చేతిలో చూచిన వస్తువును వాడు పట్టకుండునా? చరిత్రయని గోడకు తగిలించుటకు ఇది పటమా?" మా మేనల్లుడు చరిత్ర సంగతియు, చట్టము సంగతియు చెప్పబోయెను. మేము వలదంటిమి. ఆమె ప్రశ్న చట్టమునకు సంబంధించినది కాదు, నమ్మికకు సంబంధించినది. భర్త దుర్మార్గుడని ఆమె అనలేదు. ఏమఱుపాటు మంచివారికిని కలుగునని మాత్రమే అనెను. కొనుటకు ముందు ఆమెను అడుగకుండుట అతని తప్పని మేము చెప్పితిమి. మాట విన్న దినముననే ఆమె పక్షమున నోరువిప్పక, అంగడికి ఉత్సాహముతో వెంటపోవుట మా తప్పని కూడ ఒప్పుకొంటిమి.

ఆ రాత్రి వారిద్దఱును ఒక యేర్పాటు చేసికొనిరి. ఈ తుపాకికి గడియ ఊడదీయుట సులువు. క్షణములో చేతికి వచ్చును. గడియ లేని తుపాకి కొయ్యయు గొట్టమును మాత్రమే. తుపాకి తాళమువేసిన ఉక్కుపెట్టెలో నుండును. గడియ వేఱొక పెట్టెలో నుండును. దాని తాళపుచెవి ఆమెయొద్ద నుండును. తూటాలు ఇంటిలో నుండవు. అతడు అభ్యాసమునకు పోదలచినపుడు ఆమెను అడిగి తీసికొనవలెను. అతడు వెంటనే అంగీకరించెను. మఱునాడు పిల్లవాని యెదుటనే తుపాకి తుడుచుచు, ఇది బొమ్మ కాదనియు, పెద్దలు లేనపుడు కనబడిన ముట్టక వచ్చి చెప్పవలెననియు తల్లియే వానికి బోధించెను.

స్వతంత్రభారతము ఈ విషయమున ఏమి చేసినదని పాఠకులు అడుగవచ్చును. 1948 డిసెంబరులో రాజ్యాంగసభలో ఆయుధధారణహక్కును ప్రాథమికహక్కులలో చేర్చవలెనను సవరణ వచ్చినది, సభ అంగీకరింపలేదు. 1878 చట్టమునకు బదులు 1959లో క్రొత్త చట్టము వచ్చినది. అనుమతి విధానము మిగిలెను. సైనికుల కొలతగల తుపాకులు సామాన్యునికి నిషిద్ధములుగనే నిలిచినవి. అందుచేత ఈషాపూరు కర్మాగారము త్రీనాట్‌త్రీ గడియనే వాడి .315 కొలతతో వేటతుపాకిని పౌరులకొఱకు చేయుచువచ్చినది. 1962లో చీనావారితో పోరినపుడు మన సైనికుల చేతిలో త్రీనాట్‌త్రీయే యుండెను. ఉత్తరప్రదేశ్ పోలీసులు 2020లో గణతంత్రదినమున దానికి వీడ్కోలు చెప్పిరి. ఇచ్చట సేవ చాలించిన తుపాకులలో కొన్ని సముద్రము దాటి టెక్సాసు అంగడి గోడకు చేరినవి.

కొందఱు ఇదియంతయు చూచి, పరప్రభువులు విడిచిన అపనమ్మికనే మనవారును మోయుచున్నారందురు. ఆ మాట మేము పూర్తిగా ఒప్పము. రెండు చట్టములకు రూపము ఒక్కటియైనను మూలము వేఱు. మొదటిది ఒక జాతి మఱియొక జాతిని అడుగక, భయముచే, తనవారిని మినహాయించుకొని విధించినది. రెండవది మన ప్రతినిధులు సభలో చర్చించి అందఱికి సమముగా విధించుకొన్నది. వలదనుకొన్ననాడు మనమే మార్చుకొనవచ్చును. అమెరికావారి దారియు నిర్దోషమైనది కాదు. పౌరుని నమ్ముట గొప్పగుణమే. పేరు సైతము విచారింపక ఇరువది డాలర్లకు తపాలాలో తుపాకి పంపుట నమ్మిక కాదు, ఉపేక్ష. దాని వెలను ఆ జాతి డల్లాసులో చెల్లించినది.

అపనమ్మికకును ఉపేక్షకును నడుమ మూడవ మార్గమొకటి కలదని మాకు బోధించినది శాసనసభ కాదు, ఆ యింటి యిల్లాలు. ఆమె భర్త చేతినుండి తుపాకి లాగికొనలేదు. అతడు కూడ అది తన హక్కని వాదింపలేదు. అడిగిరి, ఒప్పుకొనిరి, గడియను వేఱుచేసిరి. లిట్టను ప్రభువు గడియను తనయొద్ద నుంచుకొని మనలను అడుగలేదు. అందులోనే అవమానమున్నది.

మేము బయలుదేరు దినమున మా మేనల్లుడు ఆ తుపాకి పట్టీని కాగితముపై అచ్చుదించి మాకిచ్చెను. కిరీటము, మూడక్షరములు, ఈషాపూరు, 1943. అది ఇప్పుడు మా బల్లపై నున్నది. మన యిండ్లలో తాతలనాటి అనుమతితుపాకి ఏదైనను అటకపై నున్నచో, దానిమీది అంకెలను ఒకసారి చదువుడు. ఏ సంవత్సరమున, ఎవరి కొఱకు, ఎవరి భయమున అది తయారైనదో విచారింపుడు. అనుమతి గలవారు గతించియున్నచో ఆలసింపక చట్టప్రకారము అధికారులకు తెలియజేసి అప్పగింపుడు. అప్పగించు ముందు మాత్రము పిల్లలను పిలిచి దాని కథ చెప్పుడు.